బత్తాయి తోట మీదుగా 400 కేవీ లైను: అనుమతులు, మార్గం మార్పు, పరిహారం గురించి

ప్రశ్న: బత్తాయి_తోట

అందరికీ నమస్కారం. నల్గొండ జిల్లాలో మాకు ఆరెకరాల బత్తాయి తోట, దానిని ఆనుకొని కౌలుకిచ్చిన రెండెకరాల పత్తి చేను ఉన్నాయి. ఈమధ్య సర్వే సిబ్బంది కొందరు వచ్చి, చేను నడుమ నాలుగు మేకులు పాతి, అక్కడ 400 కేవీ (కిలోవోల్టుల) డబుల్ సర్క్యూట్, అంటే ఒకే టవరు మీద రెండు సర్క్యూట్ల తీగలుండే లైను టవరు వస్తుందని, తీగలు తోట మీదుగా సాగుతాయని చెప్పి వెళ్లారు. నాన్నగారికి నోటీసు ఏదీ అందలేదు. అడిగితే అనుమతులన్నీ ఢిల్లీ నుంచే వచ్చాయని అన్నారు గాని, ఒక్క కాగితమూ చూపలేదు.

మా అంగీకారం లేకుండా ఈ పని చేయవచ్చా? మార్గాన్ని కాస్త పక్కకు జరపమని అడగవచ్చా? పరిహారాన్ని ఏ లెక్కన కడతారు, అందులో కౌలుదారుకు వాటా ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: విశ్రాంత_ఇంజినీరు

ట్రాన్స్‌మిషన్ లైన్ల నిర్మాణంలోనే ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి కనుక, ముందుగా మార్గాన్ని ఎవరు నిర్ణయిస్తారో చెబుతాను. ఈ సంగతి తెలియకపోవడం వల్ల రైతులు ఏ ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో తెలియక తిరుగుతుంటారు.

అంతర్రాష్ట్ర లైన్లలో చాలావాటిని నేడు పోటీ బిడ్డింగు ద్వారా కేటాయిస్తున్నారు. బిడ్డింగు నిర్వహించే సంస్థ ప్రాథమిక సర్వే నివేదిక ఒకటి ఇస్తుంది గాని, అది సూచన మాత్రమే. తుది మార్గాన్ని ఎంచుకునే బాధ్యత గెలిచిన సంస్థదే. ఆ సంస్థ విద్యుత్ చట్టం, 2003లోని సెక్షన్ 68 కింద ప్రభుత్వ ముందస్తు ఆమోదం, రెగ్యులేటరీ కమిషన్ నుంచి లైసెన్సు తీసుకోవాలి. ఇవి కాక టెలికాం తీగలకు అంతరాయం కలగకుండా చూసే సమన్వయ కమిటీ ఆమోదం, రైల్వే, జాతీయ రహదారి క్రాసింగుల అనుమతులు, అడవి తగిలితే అటవీ అనుమతి, విమానాశ్రయాల పరిసరాలైతే విమానయాన అనుమతి ఉండాలి. ఆఖరున కేంద్ర విద్యుత్ అథారిటీ తరఫు ఇన్‌స్పెక్టరు తనిఖీ చేసి సమ్మతించిన తరువాతనే లైనులోకి విద్యుత్తును వదులుతారు. కాబట్టి "అన్ని అనుమతులూ వచ్చాయి" అన్న మాటను అలాగే నమ్మకండి. ఏది వచ్చింది, ఏ తేదీన వచ్చిందని విడివిడిగా అడగండి.

ఇక టవరు జరపడం. 400 కేవీ లైనులో టవరుకూ టవరుకూ మధ్య సాధారణంగా 400 మీటర్ల దూరం ఉంటుంది. నేరుగా సాగే చోట నిలబెట్టే తేలిక రకం టవరు రెండు డిగ్రీల మలుపు వరకే తట్టుకుంటుంది. అంతకు మించి తిరగాలంటే ఇనుమూ కాంక్రీటూ బాగా ఎక్కువ పట్టే యాంగిల్ టవర్లు కావాలి. మీ టవరును లైనుకు అడ్డంగా, అంటే పక్కకు జరిపితే దానితోపాటు అటూ ఇటూ ఉన్న రెండు టవర్ల దగ్గర కూడా మలుపు వస్తుంది. అందుకే ఆ కోరికను సంస్థలు సాధారణంగా తోసిపుచ్చుతాయి. లైను పొడవునే పదిహేను ఇరవై మీటర్లు ముందుకో వెనక్కో జరిపి, చేను నడుమ నుంచి గట్టు దగ్గరకు తెమ్మంటే మాత్రం చాలాసార్లు వీలవుతుంది. తీగ వేలాడే చోట నేలకు కనీసం 8.84 మీటర్ల ఎత్తు మిగిలితే చాలు, డిజైను అంగీకరిస్తుంది. పునాది గుంత తవ్వకముందే ఈ కోరికను సర్వే నంబరుతో సహా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. కాంక్రీటు పోసిన తరువాత ఏ ఇంజినీరూ దాని గురించి మాట్లాడడు.

జవాబు 2: న్యాయవాది_హైదరాబాదు

అంగీకారం సంగతి ఒకే ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంది. విద్యుత్ చట్టంలోని సెక్షన్ 164 కింద, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో ఉన్న, ఇతరుల భూమిలో స్తంభాలు, తీగలు వేసే అధికారాలను ప్రభుత్వం లైన్లు వేసే సంస్థకు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వు ఉంటే భూయజమాని ముందస్తు సమ్మతి అవసరం లేదని సుప్రీంకోర్టు 2016లో పవర్‌గ్రిడ్, సెంచురీ టెక్స్‌టైల్స్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఉత్తర్వు లేని సంస్థకు 2006 నాటి లైసెన్సుదారుల పనుల నియమాలు వర్తిస్తాయి. అప్పుడు యజమాని లేదా అనుభవదారు (భూమిని వాస్తవంగా అనుభవిస్తున్నవారి) సమ్మతి తీసుకోవలసిందే. అందుచేత మీరు మొట్టమొదట అడగవలసింది సెక్షన్ 164 ఉత్తర్వు ప్రతి.

ఉత్తర్వు ఉన్నా సంస్థకు భూమి మీద వినియోగ హక్కు తప్ప మరే హక్కూ రాదు. పట్టా మీ పేరనే ఉంటుంది. వీలైనంత తక్కువ నష్టం కలిగించాలని, కలిగిన నష్టానికి పూర్తి పరిహారం చెల్లించాలని టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 10 చెబుతుంది. మీరు అడ్డుకుంటే వారు సెక్షన్ 16(1) కింద కలెక్టరును ఆశ్రయిస్తారు, పోలీసు బందోబస్తుతో పని జరిగే పరిస్థితి అక్కడినుంచే మొదలవుతుంది. పరిహారం చాలలేదనుకుంటే 16(3) కింద జిల్లా జడ్జి వద్ద పిటిషన్ వేయవచ్చు. భూమి ఎక్కడ ఉంది, తీగలు ఏ వైపుగా పోతున్నాయి, వాటి వల్ల వాడకం ఎంత తగ్గుతుంది అన్నవి చూసి మొత్తం నిర్ణయించాలని 2007లో కేరళ విద్యుత్ బోర్డుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సొమ్మును ఎవరెవరికి ఎంత పంచాలన్న వివాదం కూడా జిల్లా జడ్జి ముందుకే వెళుతుంది కాబట్టి, పంట వేసిన మీ కౌలుదారు పేరు నష్టం అంచనా కాగితాల్లో తప్పక ఉండాలి.

జవాబు 3: విశ్రాంత_ఇంజినీరు

లెక్క విషయానికి వస్తే, కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2015 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో టవరు చోటుకు భూమి విలువలో 85 శాతం, తీగల కింది కారిడారుకు గరిష్ఠంగా 15 శాతం ఉండేది. 2024 జూన్ 14 నాటి మార్గదర్శకాలు వీటిని 200 శాతానికి, 30 శాతానికి పెంచాయి. నాలుగు కాళ్ల మధ్య చోటుకు ప్రతి వైపూ ఒక మీటరు కలిపి టవరు విస్తీర్ణంగా లెక్కిస్తారు. ఇవి 66 కేవీ, అంతకు పైబడిన లైన్లకు వర్తిస్తాయి. 2025 మార్చిలో వచ్చిన అనుబంధ మార్గదర్శకాలు గ్రామాల్లో 30 శాతాన్ని అలాగే ఉంచి, పట్టణాల్లో కారిడారు శాతాన్ని పెంచాయి. మార్కెట్ ధరను నిర్ణయించే కమిటీలో భూయజమానుల ప్రతినిధికీ చోటిచ్చాయి. రాష్ట్రాలు వీటిని పూర్తిగానో కొంత మేరకో స్వీకరించవచ్చు కాబట్టి, మీ జిల్లాలో ఏ ఉత్తర్వు అమలవుతోందో కలెక్టరేటులో అడిగి తెలుసుకోండి.

ఊళ్లలో అందరూ టవరు కాళ్ల గురించే గొడవ పడతారు గాని, అసలు సొమ్ము కారిడారులో ఉంది. టవరు అడుగు 12 మీటర్ల చదరమనుకుందాం. మీటరు చొప్పున కలిపితే 14 మీటర్ల చదరం, అంటే 196 చదరపు మీటర్లు, రెండు గుంటలకు కాస్త తక్కువ. ఎకరం విలువ 20 లక్షలని అనుకుంటే దీనికి 200 శాతం చొప్పున వచ్చేది 1.94 లక్షలు. 400 కేవీ డబుల్ సర్క్యూట్ కారిడారు వెడల్పు 46 మీటర్లు. మీ భూమిలో అది 200 మీటర్ల మేర సాగితే దాదాపు 2.27 ఎకరాలు, 30 శాతం చొప్పున సుమారు 13.6 లక్షలు. కాబట్టి కారిడారు పొడవును మీ సమక్షంలో కొలిపించి, స్కెచ్ మీద సంతకాలు చేయించండి. పంటకూ చెట్లకూ ఇచ్చేది దీనితో సంబంధం లేని వేరే లెక్క.

జవాబు 4: లైను_కింద_రైతు

మా పొలంలో ఇలాంటి లైను వచ్చి కొన్నేళ్లయింది. పంట నష్టం ఒకేసారి జరగదని గుర్తుంచుకోండి. పునాదులకు ఒకసారి, టవరు నిలబెట్టేటప్పుడు ఇంకొకసారి, తీగలు లాగేటప్పుడు మరొకసారి జనం, వాహనాలు చేనులోకి దిగుతాయి. మొదటి దశకే సంతకం పెట్టించుకొని, తరువాతి రెండింటినీ మరచిపోయినట్టు నటించే గుత్తేదారులు ఉంటారు. ప్రతి దశలోనూ రెవెన్యూ సిబ్బంది సమక్షంలో పంచనామా జరిపించండి, ముందూ వెనుకా ఫోటోలు తీసి పెట్టుకోండి. తవ్వేటప్పుడు పైమట్టిని వేరుగా పోయించండి. మా దగ్గర అడుగు సుద్దమట్టి పైకి వచ్చి, టవరు చుట్టూ కొంత మేర ఇప్పటికీ పైరు సరిగా ఎదగదు.

లైను వచ్చాక కారిడారులో ఇల్లు గాని షెడ్డు గాని కట్టనివ్వరు. బోరు వేయాలనుకుంటే లైను రాకముందే వేయించుకోండి, ఎందుకంటే తీగల కింద రిగ్గు నిలబెట్టడం ప్రాణాంతకం. స్ప్రింక్లరు పైపులను నిలువుగా ఎత్తవద్దని కూలీలకు ముందే చెప్పాలి. ఇనుప కంచె ఉంటే ఎర్తింగు చేయించమని సంస్థనే అడగండి. లేకపోతే ముట్టుకున్నప్పుడల్లా చురుక్కుమంటుంది.

బత్తాయి_తోట

అందరికీ కృతజ్ఞతలు. సెక్షన్ 164 ఉత్తర్వు ప్రతి కోసం, టవరును గట్టు వైపు జరపడం కోసం ఈ వారమే దరఖాస్తులు ఇస్తాము. ఇంజినీరు గారూ, ఒక్క సందేహం మిగిలింది: టవరు ఎత్తు పెంచితే తోటలో చెట్లు కొన్నయినా మిగులుతాయా?

విశ్రాంత_ఇంజినీరు

టవరుకు మూడు, ఆరు, తొమ్మిది మీటర్ల అదనపు భాగాలు డిజైనులోనే ఉంటాయి; రోడ్లు, ఇతర లైన్లు దాటే చోట వాటిని వాడతారు. అయితే చెట్ల కోసం ఖర్చు పెంచుకోవడానికి సంస్థ ఇష్టపడదు, కారిడారులో ఎత్తుగా ఎదిగే చెట్లను తొలగించే అధికారమూ దానికి ఉంది. తీగ రెండు టవర్ల నడుమనే బాగా కిందికి దిగుతుంది, టవరు దగ్గర ఎత్తుగా ఉంటుంది. అందువల్ల టవరు మీ చేనుకూ తోటకూ మధ్య గట్టు మీదికి వస్తే, ఆ అంచున ఉన్న వరుసలను ఉంచమని అడగడానికి ఆధారం దొరుకుతుంది. దరఖాస్తులో ఈ రెండు కోరికలనూ కలిపి రాయండి, చెట్ల సంఖ్య, వయసు, కాపు వివరాలను ఉద్యానశాఖ అధికారితో ముందే నమోదు చేయించండి. నరికిన తరువాత లెక్కించడానికి మొదళ్లు తప్ప ఏమీ ఉండవు.