111 జీవో ఉండాలా, పోవాలా?

గండిపేట పాతకాపు:
హైదరాబాద్ పక్కనున్న ఉస్మాన్‌సాగర్ (మనకు గండిపేట), హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు కట్టొద్దని 1996లో 111 జీవో వచ్చింది. 90 శాతం భూమి సాగుకు, పచ్చదనానికే ఉండాలన్నారు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు. అప్పట్నుంచి మా ఇంట్లోనే రెండు పార్టీలు. నా ఓటు మాత్రం ఉండాలనే. 1908 మూసీ వరద తర్వాత, ఊరు మళ్లీ కొట్టుకుపోకూడదని కట్టినవి ఇవి. వీటిని మంచినీళ్ల ట్యాంకులుగా మాత్రమే చూస్తే ఎలా?

మొయినాబాద్ బిడ్డ:
అన్నా, మీరు ఓటేస్తున్నది మా భూమి మీద. వాగు పక్కన మాకు మూడెకరాలుంది. '111లో ఉంది కదా' అనగానే కొనేవాడు సగం రేటు నుంచి బేరం మొదలుపెడతాడు. చెల్లి పెళ్లికి అరెకరం అమ్మినప్పుడు చూశాం. పోనీ, ఆంక్షలు అందరికీ ఒకటేనా? మాకు ఎగువన ఒక ఫామ్‌హౌస్ ఉంది. వాగుకు అడ్డంగా కాంపౌండ్ గోడ కట్టి, నీళ్లు పోవడానికి రెండడుగుల తూము పెట్టారు. పోయిన వానాకాలం ఆ తూము కొమ్మలతో, ప్లాస్టిక్ కవర్లతో పూడిపోయింది. నీళ్లు గోడ వెంబడి తిరిగి మా టమాటా చేలో పడ్డాయి. నాలుగు రోజులు మోకాలి లోతు బురద. ఆఫీసుకు వెళ్లి అడిగితే, 'ఆ గోడకు మేం పర్మిషన్ ఇవ్వలేదు, మా రికార్డుల్లో అది లేదు' అన్నారు! పర్మిషన్ అడిగేవాళ్లకే ఈ జీవో అడ్డం.

లెక్కల మనిషి:
నేను తీసేయమనే అంటాను. సిటీ ఇప్పుడు తాగేది ఎక్కువగా కృష్ణా, గోదావరి నీళ్లు. 2022లో ప్రభుత్వం చెప్పిన కారణం కూడా అదే. అటు కోకాపేటలో మెడ నొప్పెట్టేంత ఎత్తు టవర్లు లేస్తుంటే, ఇటు లక్షకు పైగా ఎకరాలకు తాళం వేసి కూర్చుంటే ఎలా? ఎస్టీపీలు (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్లు) కట్టి, ప్లాన్ ప్రకారం అనుమతులిస్తే నష్టమేంటి?

చెట్టు కింద ప్లానర్:
లెక్కల మనిషి గారూ, ఎస్టీపీకి చేరేది పైపులో మురుగు. రోడ్ల మీది ఆయిలూ మట్టీ తొలి వానకు కొట్టుకుపోయేది వాగులోకే. కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్ల అవతలి నుంచి మోటార్లతో ఎక్కించాలి. గండిపేట నీళ్లు పల్లానికి వాటంతటవే వస్తాయి. ఆ కరెంటు బిల్లు కూడా లెక్కలో వేయండి.

ఈ జీవో నుంచి ఒక నూనెల ఫ్యాక్టరీకి ప్రభుత్వం మినహాయింపు ఇస్తే, 2000లో సుప్రీంకోర్టు కుదరదంది. హాని జరగదని నిరూపించాల్సిన బాధ్యత కట్టేవాళ్లదే అంది.

అమీన్‌పూర్ చెరువు చూశారా? 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగర చెరువుల్లో దేశంలోనే మొదటిది. పక్షులు చూడ్డానికి నేను చలికాలం వెళ్తుంటాను. గుర్తింపు నీళ్లకు దక్కింది కానీ, నీళ్లొచ్చే దారి చుట్టూ కాలనీలు పెరిగాయి. 111 చేసింది దానికి తిరగేసి: నీళ్లొచ్చే నేలనే కాపాడింది. దాన్ని తీసేస్తే చిలుకూరు మృగవనిలో జింకల చుట్టూ విల్లాల గోడలే మిగులుతాయి. 2012లో ప్రపంచ దేశాల జీవవైవిధ్య సదస్సు మన దగ్గరే జరిగింది. ఇప్పుడు 'బయోడైవర్సిటీ' అంటే ట్రాఫిక్ జామయ్యే జంక్షన్ పేరు.

కానీ మొయినాబాద్ తమ్ముడు చెప్పింది నిజం. ఊరందరి నీళ్ల కోసం 84 ఊళ్లు ఆగాలంటే, ఖర్చు కూడా ఊరందరూ పెట్టుకోవాలి. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకు టీడీఆర్ ఇస్తున్నారు కదా, అంటే ఇక్కడ కట్టుకోలేని హక్కును ఇంకోచోట కట్టేవాళ్లకు అమ్ముకునే బాండు. అదే ఈ రైతులకూ ఇవ్వొచ్చు. ముందు వాగుల మీది గోడలు పడగొట్టాలి, అదీ ఫామ్‌హౌస్‌లతో మొదలుపెట్టి.

గండిపేట పాతకాపు:
దీనికి నేను రెడీ. నీటి బిల్లులో నెలకో పది రూపాయలు ఎక్కువేసినా కడతాను.

మొయినాబాద్ బిడ్డ:
సాయంత్రం మా నాన్నకు చదివి వినిపించాను. గోడ మాట వచ్చేదాకా తల ఊపాడు. తర్వాత రెండే అడిగాడు: 'ఆ బాండు ఎవరు కొంటారు? వానాకాలం లోపు తూము వెడల్పు చేస్తారా?'