బీఫ్ పాట్ రోస్ట్ మెత్తగా రావాలంటే?

ప్రశ్న (మధురవాడ): క్రిస్మస్‌కి పాట్ రోస్ట్ (పెద్ద మాంసం ముక్కను మూతపెట్టి నెమ్మదిగా ఉడికించే వంటకం) చేద్దామనుకుంటున్నా. ఓవెన్ లేదు, కుక్కరూ మందపాటి గిన్నే ఉన్నాయి. కేజీ ముక్క కోయకుండా వండితే లోపల ఉడుకుతుందా అండి? ఏ భాగం అడగాలి?

జవాబు: భుజం భాగం అడగండి, తొడ కన్నా నయం. తడి తుడిచి, ఉప్పూ మిరియాల పొడీ పట్టించి, నూనెలో అన్నివైపులా ముదురు రంగు వచ్చేదాకా వేయించి, ఉల్లి, వెల్లుల్లి వేసి, సగం మునిగేలా నీళ్లు పోసి మూతపెట్టి సన్న సెగ మీద 3 గంటలకు పైనే వదిలేయండి. మాంసంలో గట్టిగా ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్ కరిగి మెత్తని జిలటిన్‌గా మారితేనే మెత్తదనం, తొందరపడితే చెప్పు తోలే!

జవాబు (గాజువాక): మన దగ్గర ఎక్కువగా గేదె మాంసమే కదా, ముదురుదైతే అంతకంటే టైమ్ పడుతుంది. గ్యాస్ టెన్షన్ ఉంటే కుక్కర్లో సన్న సెగ మీద గంట. క్యారెట్, బంగాళాదుంప చివర్లో వేయండి, లేదంటే గుజ్జే.

జవాబు: ఫోర్క్ దిగకపోతే ఇంకా ఉడకలేదని అర్థం, దించకండి. పోగులకు అడ్డంగా కోయండి.