లాంగ్ టెయిల్ కాస్ట్ ఆన్: తోక చాలదు, అంచు సాగదు

ప్రశ్న (తొలివరుస)

అల్లిక మొదలుపెట్టి నాలుగు నెలలైంది. రెండు మఫ్లర్లు పూర్తిచేశాక ఇప్పుడు టోపీ అల్లుదామని, 4.5 మిల్లీమీటర్ల సూదులతో, మధ్యరకం మందమున్న ఊలుతో లాంగ్ టెయిల్ పద్ధతిలో (ఊలు కొసన కొంత పొడవు తోకగా వదిలి, ఆ తోకతోనూ ఉండ నుంచి వచ్చే పోగుతోనూ సూది మీద తొలి కుట్లు వేయడం) 96 కుట్లు వేయడానికి కూర్చున్నాను. గుండ్రంగా అల్లడం ఇంకా రాదు కాబట్టి పలకగా అల్లి, చివర పక్కలు కలిపి కుట్టాలని ఆలోచన. మొదటిసారి 83వ కుట్టు దగ్గర తోక అయిపోయింది. అంతా విప్పి, ఈసారి భయంకొద్దీ ఎక్కువ వదిలి వేస్తే మీటరుకు పైగా మిగిలిపోయింది. అది పోనిమ్మని 10 సెంటీమీటర్లు అల్లి తలకు చుట్టి చూసుకుంటే, పైన అల్లిక కొసలు సునాయాసంగా కలుస్తున్నాయి గాని, అంచు మాత్రం తాడులా బిగుసుకొని ఎంత లాగినా కలవడం లేదు.

తోక ఎంత వదలాలో ముందుగా తెలుసుకునే పద్ధతి ఏమైనా ఉందా? అంచు వదులుగా రావాలంటే ఏం చేయాలి? కుట్లు వేశాక మొదటి వరుస నిట్ (నున్నని ముఖం ఎదురుగా వచ్చే కుట్టు) అల్లాలా, పర్ల్ (గరుకు ముఖం ఎదురుగా వచ్చే కుట్టు) అల్లాలా అన్నది కూడా దయచేసి చెప్పగలరు.

జవాబు (ఊలుబుట్ట)

అంచు వెడల్పుకు మూడు రెట్లు వదలమని అందరూ చెప్తారు. మీ అల్లికలో 10 సెంటీమీటర్లకు 20 కుట్లు వస్తున్నాయనుకుంటే, 96 కుట్లకు 48 సెంటీమీటర్లు, దానికి మూడు రెట్లు 144. లెక్క తప్పేమీ కాదు. అయితే ఒకరి చేతి బిగువు ఇంకొకరికి ఉండదు కనుక, నేను దానిని నమ్ముకొని పెద్ద పని మొదలుపెట్టను.

ముందు 20 కుట్లు మాత్రమే వేయండి. చివరి కుట్టును ఆనుకొని తోకకు వేరే రంగు దారం ముక్క కట్టి, కుట్లు విప్పేసి, మొదటి ముడి నుంచి ఆ గుర్తు దాకా కొలవండి. 28 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, కుట్టుకు 1.4 చొప్పున 96 కుట్లకు సుమారు 135 సెంటీమీటర్లు. మీరు ఎలాగూ పక్కలు కలిపి కుట్టాలి కాబట్టి, దానికి ఇంకో 40 కలిపి వదిలితే, కుట్టడానికి వేరే ఊలు ముక్క వెతుక్కోనక్కరలేదు.

జవాబు (నిదానం)

అంచు బిగుసుకోకుండా ఉండాలంటే కుట్లు వేసేటప్పుడు రెండు సైజులు పెద్ద సూది వాడి, అల్లడానికి మీ 4.5 సూదికి మారండి. సూదులు రెండూ జతగా పట్టుకొని వేసినా అదే ఫలితం.

జవాబు (రెండుపోగులు)

నిదానం గారి సలహా చాలా చోట్ల వినిపించేదే గాని, ఈ పద్ధతిలో దానివల్ల పెద్ద ప్రయోజనం ఉండదని నా అనుభవం. ఎందుకో కంటితో చూడాలంటే రెండు రంగుల ఊలు కొసలు కలిపి ముడివేసి, ఎరుపును బొటనవేలికి, తెలుపును చూపుడువేలికి వేసుకొని, చేతిని ఉండేలులా పట్టి పది కుట్లు వేయండి. సూదిమొన బొటనవేలి ముందున్న పోగు కిందినుంచి పైకి దూరి, చూపుడువేలి పోగును పైనుంచి అందుకొని, తిరిగి బొటనవేలి ఉచ్చులోంచి బయటికి వస్తుంది. అలా పది కుట్లయ్యాక చూస్తే, సూది మీద నిలిచినవన్నీ తెల్లని ఉచ్చులు, కింద అంచుగా పరుచుకున్నదంతా ఎర్రని పోగు. సూది లావైతే తెల్లని ఉచ్చు పెద్దదవుతుంది. ఒక కుట్టు నుంచి పక్క కుట్టుకు నడిచే ఎర్రని పోగు మాత్రం అంతే ఉంటుంది, మీ అంచును పట్టి ఆపుతున్నది అదే.

కాబట్టి సూది మార్చకుండా, ప్రతి కుట్టును బిగించే ముందు దానికీ వెనకటి కుట్టుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంచండి. ఎడం ఉంచితే తోక ఎక్కువ ఖర్చవుతుంది గనుక, ఊలుబుట్ట గారు చెప్పిన కొలతను కూడా ఎడంతో వేసిన కుట్ల మీదే తీసుకోవాలి.

మీ మూడో సందేహానికి: ఈ పద్ధతిలో కుట్లు వేయడమూ ఒక నిట్ వరుస అల్లడమూ ఒకేసారి జరిగిపోతాయి. సూది తిప్పగానే గరుకు వైపు మీకు ఎదురుగా ఉంటుంది. అందువల్ల సాదా అల్లికైతే మొదటి వరుస పర్ల్. రిబ్ (నిట్, పర్ల్ కుట్లు మార్చి మార్చి వేసే సాగే అల్లిక) అల్లదలిస్తే ఆ వరుసను లోపలివైపు వరుసగా లెక్కపెట్టుకుంటే చాలు.

జవాబు (పెద్దశాలువా)

మూడు నాలుగు వందల కుట్లు వేయాల్సి వస్తే నేను కొలతల జోలికే వెళ్లను. ఉండ లోపలి కొసనూ బయటి కొసనూ కలిపి ముడివేసి, ఒకటి తోకగా, ఒకటి అల్లే దారంగా వాడుకుంటాను. కుట్లన్నీ అయ్యాక ఒక పోగు తెంపేస్తాను. ముడి ఉన్న ఉచ్చును కుట్టుగా లెక్కపెట్టకుండా తర్వాత జారవిడిచేయాలి. కొసలు దాచే పని కొంత పెరుగుతుంది, టోపీకి మాత్రం ఇంత హంగామా అనవసరం.

తొలివరుస

అందరికీ ధన్యవాదాలు. ఎడం ఉంచి వేసిన 20 కుట్లకు నాకు 33 సెంటీమీటర్లు పట్టింది. 96 కుట్లకు 158, కుట్టడానికి 40, మొత్తం రెండు మీటర్లు వదిలాను. చివర 45 సెంటీమీటర్లు మిగిలింది, అంచు ఇప్పుడు అల్లికతో పాటే సాగుతున్నది. ఒక్క అనుమానం మిగిలింది: అరవై కుట్లు దాటేసరికి తోక పురి విడిపోయి, పేటలు దేనికవి వేరుపడ్డాయి. ఊలు నాసిదా?

రెండుపోగులు

ఊలులో లోపం ఉండకపోవచ్చు. ప్రతి కుట్టుకూ తోక కొద్దిగా తిరుగుతుంది. ఊలు పేనిన దిశను బట్టి ఆ తిప్పుడుకు పురి విడిపోవచ్చు, మరీ బిగుసుకొని మెలికలు పడనూవచ్చు. ఇరవై కుట్లకొకసారి చివరి కుట్టు మీద వేలు ఆనించి, తోకను కిందికి వేలాడనివ్వండి, అదే గిర్రున తిరిగి సర్దుకుంటుంది.