అప్‌డేట్: అమ్మతో, పాపతో పాతబస్తీ నడక
మోకాళ్ల నొప్పులున్న అమ్మతో, ఆరేళ్ల పాపతో చార్మినార్ చుట్టుపక్కల నడిచి చూడగలమా అని అడిగాను కదా, మొన్న వెళ్లొచ్చాం, సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. అన్నిటికంటే పనికొచ్చింది శుక్రవారం వద్దన్న మాట. ఆ రోజు చౌమహల్లా ప్యాలెస్‌కి సెలవు, మక్కా మసీదు దగ్గర నమాజు రద్దీ. ఆదివారం ఏడింటికే చార్మినార్ దగ్గర దిగి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో మొదలుపెట్టాం, రోడ్డు ఖాళీగా ఉండడంతో అమ్మ టెన్షన్ లేకుండా నడిచింది. లాడ్ బజార్ అప్పటికింకా తెరవలేదు, గాజులు తిరిగొచ్చేటప్పుడు కొన్నాం. ప్యాలెస్ తోటలో నీడన అమ్మ గంటసేపు కూర్చుంది, ఆ విరామం తప్పకుండా పెట్టుకోండి. చార్మినార్ మెట్లు ఎక్కలేదు. స్ట్రోలర్ గురించి అంత అడిగాను గానీ దాని అవసరమే రాలేదు, పాపే అందరికంటే ముందు నడిచింది.