సిస్టమ్ మార్చాక కంప్యూటర్ హ్యాంగ్ అవుతుంటే ముందు మార్చాల్సింది విడిభాగాలా, సెట్టింగులా?

దేవరకొండ, ఆన్‌లైన్ సేవల దుకాణం:

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మా డెస్క్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ సెలెరాన్ జె1900 ప్రాసెసర్ కనుక దానికి విండోస్ 11 అర్హత లేదు. అందుకని లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయించాను. అప్పటి నుంచి రోజుకు రెండు మూడు సార్లు హ్యాంగ్ అవుతోంది. మౌస్ కదలదు, క్యాప్స్ లాక్ నొక్కినా కీబోర్డు మీద లైటు వెలగదు. ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పవర్ సప్లై పెట్టె) రెండూ మార్చాలని ఇక్కడి మెకానిక్ అంటున్నాడు. విండోస్‌తో ఏళ్ల తరబడి సాఫీగా నడిచిన యంత్రంలో ఇప్పుడే రెండు భాగాలు పోయాయంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మహబూబ్‌నగర్, రిపేరు షాపు:

మెకానిక్ మాటను అంత తేలికగా కొట్టిపారేయకండి. మన దగ్గరి ఎండలకు, దుమ్ముకు, వోల్టేజీ హెచ్చుతగ్గులకు పాత ఎస్‌ఎంపీఎస్‌లలో కెపాసిటర్లు ఉబ్బిపోవడం నేను తరచూ చూస్తుంటాను. విండోస్‌తో నడిచింది కాబట్టి భాగాలు బాగున్నాయనుకోవడం పొరపాటు. బలహీనపడిన భాగం ఒక సిస్టమ్‌తో నెట్టుకొచ్చి, ఇంకో సిస్టమ్‌తో మొరాయించవచ్చు.

నల్లగొండ, కాలేజీ ల్యాబ్:

పాలమూరు అన్న చెప్పింది అనుభవంతో చెప్పిన మాటే. అయినా డబ్బు ఖర్చు పెట్టే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది: హ్యాంగ్ అవుతున్నది పని చేస్తున్నప్పుడా, ఖాళీగా ఉన్నప్పుడా? దీనికి జవాబు తెర మీదే ఉంటుంది. యంత్రం బిగుసుకున్న క్షణంలోనే తెర మూలన ఉన్న గడియారమూ ఆగిపోతుంది. మా ల్యాబ్‌లో ఇదే జె1900 ఉన్న యంత్రం మధ్యాహ్నం భోజనం నుంచి వచ్చేసరికి 1:17 దగ్గర ఆగి ఉండేది, మరోరోజు 1:24 దగ్గర. పిల్లలు ప్రాక్టికల్స్ చేస్తున్న ఉదయం వేళ మాత్రం ఒక్కసారీ ఆగలేదు. వేడి వల్లో, లోడు తట్టుకోలేని ఎస్‌ఎంపీఎస్ వల్లో అయితే వరస దీనికి తలకిందులుగా ఉండాలి కదా.

కారణం చాలామందికి తెలిసిందే. పని లేనప్పుడు ప్రాసెసర్ కరెంటు ఆదా కోసం అంచెలంచెలుగా నిద్రలోకి జారుతుంది. ఆ అంచెలనే సీ-స్టేట్‌లంటారు. ఏ అంచె దాకా దిగాలో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్. జె1900 పుట్టిన బే ట్రెయిల్ కుటుంబపు చిప్‌లు లినక్స్ కింద లోతైన నిద్రలోకి వెళ్లి తిరిగి లేవకపోవడంపై లినక్స్ మూలభాగమైన కెర్నల్ తప్పుల (బగ్) జాబితాలో 2015లోనే ఫిర్యాదు నమోదైంది, సంఖ్య 109051. కొత్త కెర్నల్‌లలో మెరుగుపడినా, ముందుగా అనుమానించవలసింది దీన్నే.

పరీక్షకు పైసా ఖర్చు కాదు. బూట్ మెనూలో మింట్ పేరు మీద ఉంచి కీబోర్డులో ‘ఈ’ అక్షరం నొక్కండి. లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివర, ప్రాసెసర్ నిద్రను చూసుకునే ఇంటెల్ ఐడిల్ మాడ్యూల్‌కు గరిష్ఠ సీ-స్టేట్ 1 (అంటే తేలికపాటి నిద్ర వరకే) అని చెప్పే ఆప్షన్ చేర్చి ఎఫ్10 నొక్కితే, ఆ ఒక్క బూట్‌కే అది వర్తిస్తుంది. తేడా కొడితే రీస్టార్ట్ చేస్తే చాలు, పాత స్థితికి వచ్చేస్తుంది. దానికి ముందు ఒక రాత్రంతా, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాం నడపండి. అందులో ఒక్క ఎర్ర గీత వచ్చినా ర్యామ్ విషయంలో మెకానిక్‌దే నిజం, నా వాదన వెనక్కి తీసుకుంటాను.

మహబూబ్‌నగర్, రిపేరు షాపు:

గడియారం గుర్తు బాగుంది, నేనూ వాడుకుంటాను. కానీ ఖాళీగా ఉన్నప్పుడు ఆగితే ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి అనడం మాత్రం ఒప్పుకోను. 2013లో ఇంటెల్ హ్యాస్వెల్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు, నిద్రలో అవి తీసుకునే కరెంటు మరీ తక్కువ కావడంతో పాత ఎస్‌ఎంపీఎస్‌లు వోల్టేజీని నిలకడగా ఇవ్వలేకపోవచ్చన్న సమస్య బయటపడింది. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ల బోర్డుల బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రాంలో) ‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ అనే సెట్టింగు ఉన్నది కూడా అందుకే. నిద్ర ఆపేస్తే హ్యాంగ్ ఆగవచ్చు. తప్పు చిప్‌దో, ఎస్‌ఎంపీఎస్‌దో మాత్రం దానితో తేలదు.

నల్లగొండ, కాలేజీ ల్యాబ్:

ఈ మాట నిజం, నేను తొందరపడ్డాను. అయితే రెండో పరీక్ష కూడా ఉచితంగానే చేయవచ్చు: ఆ ఆప్షన్ తీసేసి, పక్క దుకాణం నుంచి మంచి ఎస్‌ఎంపీఎస్ రెండు రోజులకు అడిగి తెచ్చి బిగించి చూడండి. రెండూ ఒకేసారి మార్చకండి, మారిస్తే దేనివల్ల బాగయిందో ఎవరూ చెప్పలేరు.

దేవరకొండ, ఆన్‌లైన్ సేవల దుకాణం:

మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిచింది, ఒక్క తప్పూ రాలేదు. ఆప్షన్ చేర్చి నడిపిన ఆరు రోజుల్లో ఒక్కసారీ ఆగలేదు. నిన్న దాన్ని తీసేసి, తమ్ముడి యంత్రంలోని ఎస్‌ఎంపీఎస్ బిగించి భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి తెర మీద 2:06, గోడ మీద 2:40. ఎస్‌ఎంపీఎస్ తమ్ముడికి తిరిగి ఇచ్చేశాను, ఆప్షన్‌ను గ్రబ్‌లో (ఆ బూట్ మెనూను చూపే ప్రోగ్రాంలో) శాశ్వతంగా పెట్టాను.