రేస్ లైసెన్స్ వచ్చింది, కూలెంట్ మాత్రం వదలట్లేదు

కొత్తవాళ్ల క్లాస్‌లో మొదటి బైక్ రేస్‌కి పేరు ఇచ్చాను. ట్రైనింగ్ సర్టిఫికెట్, డాక్టర్ ఫిట్‌నెస్, బ్లడ్ గ్రూప్ పెడితే రేస్ లైసెన్స్ వచ్చేసింది. (అడగబోయేవాళ్లకి ముందే చెబుతున్నా, మామూలు రోడ్డు లైసెన్స్ ఒక్కటే చాలదు.)

ఆగింది బైక్ చెకింగ్ దగ్గర. ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి, ఫిల్టర్‌కి లాక్‌వైర్ (ఊడిపోకుండా బిగించే తీగ) కట్టాను, అద్దాలు, లైట్లు, స్టాండ్ తీసేశాను, కింద ఆయిల్ పట్టే బెల్లీ పాన్ కూడా ఉంది. కానీ రూల్ ప్రకారం రేడియేటర్‌లో గ్లైకాల్ (కూలెంట్‌లో కలిసి ఉండే రసాయనం) ఉండకూడదు. ట్రాక్ మీద పడితే ఆయిల్ లాగే జారుతుంది, పైగా నీళ్లలా త్వరగా ఆరదు, కాబట్టి రూల్ సబబే.

బైక్ 300 సీసీ, సింగిల్ సిలిండర్, లిక్విడ్ కూల్డ్. వాటర్ పంపు బోల్టు విప్పి, కింది హోస్ లాగి మొత్తం వంచేశాను. రిజర్వ్ ట్యాంకు, దాని సన్న గొట్టం విడిగా కడిగాను. డిస్టిల్డ్ వాటర్ పోసి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడిపి, చల్లారాక మళ్లీ వంచాను. ఇలా ఎన్నిసార్లు చేసినా నీళ్లు లేత ఆకుపచ్చగానే వస్తున్నాయి. రెండు వేళ్ల మధ్య రాస్తే జిగటగా జారుతున్నాయి. సీసాలో పోసి ఊపితే నురగ నిలుస్తోంది. హీట్ గేజ్ మామూలుగానే ఉంది, లీకేజీ లేదు. వంచిందంతా డబ్బాలో పట్టి మూత పెట్టాను, తియ్యగా ఉంటుందని కుక్కలు తాగితే ప్రాణం పోతుంది.

రోడ్డు బైక్‌ని రేస్‌కి మార్చినవాళ్లు చెప్పండి: ఆ మిగిలిన గ్లైకాల్ పూర్తిగా పోవాలంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వ్) తీసేసి పైపుతో వెనక నుంచి నీళ్లు తోయాలా, లేక ఇంకేదైనా పద్ధతి ఉందా?