దెయ్యాల రైలు సెట్: ఎనిమిదేళ్ల వాడికి కొనాలా, వద్దా?

మురళీనగర్ నాన్న

విశాఖలో ఉన్న అందరికీ నమస్కారం. మా వాడికి వచ్చే నెలలో ఎనిమిదేళ్లు నిండుతాయి. మా ఆఫీసులో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ, తన కొడుకు చిన్నప్పటి లెగో సెట్, అదే ముక్కలు బిగించి కట్టుకునే బొమ్మ, అమ్ముతానన్నారు. 2012లో లెగో వాళ్లు 'మాన్‌స్టర్ ఫైటర్స్' అని రాక్షసుల వరస ఒకటి తెచ్చారు కదా, అందులోది. నంబరు 9467, 'ఘోస్ట్ ట్రైన్'. 741 ముక్కలు. నల్లటి ఇంజను, దాని వెనక పెట్టెలు, రెక్కలు. మనుషుల బొమ్మలు ఐదు: మూడు దెయ్యాలు, వాటిని తరిమే ఇద్దరు. ఆ ఇద్దరికీ ఒక చిన్న విమానం. దెయ్యాల ముసుగులు చీకట్లో వెలుగుతాయి. ఆ వరస ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి షాపులో కొత్తది దొరకదు. 14,000 చెప్తున్నారు.

నాకు కొనాలనే ఉంది. మా వాడు రైలంటే ప్రాణం పెడతాడు. అరకు వెళ్లినప్పుడు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు, కిటికీ వదల్లేదు. కానీ మా ఆవిడ ససేమిరా అంటోంది. పట్టాలుండవు, మోటారుండదు, చేత్తో నెట్టుకోవాల్సిన రైలుకి అంత డబ్బా అని. పైగా వాడు రాత్రిపూట ఒక్కడే బాత్రూంకి వెళ్లడు, ఇప్పుడు దెయ్యాలు కూడా తెస్తారా అని. వాడిన వాళ్లు చెప్పండి. మంచీ చెడూ రెండూ చెప్పండి.

సీతమ్మధార అమ్మ

మీ ఆవిడ పక్షమే నేను. భయం సంగతి పక్కన పెట్టండి, అసలు లోపం వేరే ఉంది.

ఇలాంటి పెద్ద థీమ్ సెట్‌ని పిల్లాడు ఒక్కసారే కడతాడు. మా అమ్మాయికి ఇలాగే ఒక పెద్దది కొన్నాం, రాక్షసులది కాదు, వేరేది. రెండు రోజులు తిండి మానేసి కట్టింది. మూడో రోజు అద్దాల బీరువాలో పెట్టాం. అంతే! ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు దగ్గరికెళ్తే "ముట్టుకోకండి, ఊడిపోతుంది" అని అరవడమే నాకు పనైపోయింది. మూడేళ్లు దుమ్ము తుడిచాను. బొమ్మ కొన్నది ఆడుకోవడానికి కదండీ?

అదే డబ్బుకి మామూలు ఇటుకల డబ్బా కొనండి. రెండు వరసల్లో నాలుగేసి బొడిపెలున్న లెగో ఇటుకలు ఒకే రంగువి ఆరు ఉంటే చాలు, 91,51,03,765 రకాలుగా కలపొచ్చని లెక్క. ఆరింటితోనే అన్ని! దెయ్యాల రైల్లో రెక్కలనీ కోరలనీ వచ్చే ముక్కలు రెక్కలకీ కోరలకే పనికొస్తాయి. వాటితో ఇల్లు కట్టమంటే పిల్లాడు ఏం కడతాడు?

గాజువాక మాస్టారు

అమ్మగారు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. బీరువాలో పెట్టడం సెట్ తప్పు కాదండీ, ఇంట్లో మనం పెట్టిన రూలు తప్పు.

నేను స్కూల్లో మూడు, నాలుగు తరగతుల గుంటలకి చెప్తాను. ఉత్త ఇటుకలిచ్చి "ఏదైనా కట్టండ్రా" అంటే ఇద్దరో ముగ్గురో కడతారు, తక్కినోళ్లు గోడ ఒకటి లేపి ఆపేస్తారు. అదే "ఈ ఇంట్లో రాక్షసుడున్నాడు, మీరు ఎటునుంచి దూరతారు?" అనండి, అందరి చేతులూ కదుల్తాయి. కథ కావాలి వాళ్లకి. కథలో భయపెట్టేవాడొకడు కావాలి. మనం మాత్రం ఎలా పెరిగాం? ఈ ఊళ్లో ప్రతి పిల్లాడినీ సింహాచలం మెట్లెక్కిస్తాం. హిరణ్యాక్షుణ్ని చంపిన వరాహస్వామి, హిరణ్యకశిపుణ్ని చీల్చిన నరసింహస్వామి, ఇద్దరూ ఒకే మూర్తి అని చెప్పి దణ్ణం పెట్టిస్తాం. ఆ కథ విని జడుసుకున్న పిల్లాణ్ని నేను చూళ్లేదు. రాక్షసుడి పక్కన వాడికి ఎదురు నిలిచేవాడూ ఉంటాడు కాబట్టి. ఈ రైలు సెట్లోనూ మూడు దెయ్యాలకి ఇద్దరు మొనగాళ్లున్నారు చూడండి.

నాకు నచ్చనిది ఒకటుంది. ఈ వరసకి కంపెనీ వాళ్లు అల్లిన కథలో రక్తం తాగే దొర ఒకడు చంద్రశిలలన్నీ పోగేసి సూర్యుణ్ని మరుగు చెయ్యాలని చూస్తాడు. ఆ శిలల్ని వేర్వేరు సెట్లలో పెట్టారు. రైల్లో ఒకటి, మమ్మీ (కట్లు కట్టిన ఈజిప్టు శవం) సెట్లో ఒకటి, తోడేలు మనిషి సెట్లో ఇంకోటి. పిల్లాడికి ఆ సంగతి తెలిస్తే ఒక్కదాంతో ఆగడు, అన్నీ కావాలంటాడు. ఆ దొరగారి కోట ఒక్కటే 949 ముక్కలు. ఇది ఆట కోసం చేసిన ఏర్పాటు కాదు, మన జేబు కోసం చేసింది. అది మాత్రం నాకు కోపమే.

వన్‌టౌన్ వదిన

నేను రాయకుండా ఉండలేకపోతున్నాను. ఇదే రైలు మా ఇంట్లో ఉంది. 2013లో మా అన్నయ్య సింగపూర్ నుంచి వస్తూ మా పెద్దాడికి తెచ్చాడు. అప్పుడు నేనూ మీ ఆవిడలాగే అన్నాను, ఇంత దూరం నుంచి తేవడానికి దెయ్యాలే దొరికాయా అని.

మర్నాటి ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. అప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గాలి ఆగాక బయటికొచ్చి చూస్తే మా వీధిలో నిలబడ్డ చెట్టు లేదు. కరెంటు ఆ రోజుకి ఆ రోజు వస్తుందనుకున్నాం, మా వీధికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఫోన్లు లేవు, నీళ్లు లేవు, పాల ప్యాకెట్ కోసం తెల్లారుజామున లైను. పిల్లాడికి ఎనిమిదేళ్లు, పాపకి నాలుగు. రాత్రి ఏడయ్యేసరికి ఇల్లంతా బావిలాగా ఉండేది. ఇద్దరూ నా కొంగు వదిలేవాళ్లు కాదు. కిటికీ రెక్క కొట్టుకుంటే చాలు, మళ్లీ గాలొచ్చిందని ఏడుపు.

రెండో రాత్రో మూడో రాత్రో మా వాడు ఆ మూడు దెయ్యాల్నీ తీసి, టార్చి వేసి వాటిమీద పట్టుకున్నాడు. ఆపేశాక లేతాకుపచ్చగా వెలిగాయి. వెలుతురు తాగితేనే వెలుగుతాయవి, కాసేపటికి మసకబారిపోతాయి, మళ్లీ టార్చి వెయ్యాలి. బ్యాటరీలు అయిపోతాయని నేను కేకలేశాను. వాడు కొవ్వొత్తి దగ్గరికి తీసుకెళ్లాడు, ముసుగు కరిగిపోతుందని మళ్లీ కేకలేశాను. ఆఖరికి ఒక ఒప్పందానికొచ్చాం, పడుకునేముందు ఒక్కసారి ఒక నిమిషం టార్చి. దెయ్యాల్ని వరసగా కిటికీ గూట్లో నిలబెట్టేవాడు. "ఇవి కాపలా, గాలి రాదు" అని చెల్లికి చెప్పేవాడు. ఆ పిల్ల వాటిని చూస్తూ నిద్రపోయేది.

కాబట్టి దెయ్యాల బొమ్మ చూస్తే పిల్లలు భయపడతారంటే నేను ఒప్పుకోను. చేతిలో పట్టుకున్న దెయ్యానికి పిల్లాడు భయపడడు. చెయ్యి అందని చీకటికే భయపడతాడు.

లోపాలూ చెప్తాను, నిజం చెప్పాలి కదా. రైల్ని పిల్లలు ఎత్తిపట్టుకుని పరిగెత్తితే పెట్టె పెట్టెకీ ఊడిపోతుంది, రెక్కలు ముందు ఊడతాయి. నల్ల ముక్కలు నల్ల ముక్కల్లో వెతకడం రాత్రి లైటు కింద నరకం. చాపమీద కాకుండా తెల్ల దుప్పటి మీద పోసుకోమనండి. పాప చిన్నది కాబట్టి ఎప్పుడు ఏది నోట్లో పెట్టుకుంటుందోనని మొదటి ఏడాది నాకు నిద్రలేదు. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంటికైతే ఇది తేవొద్దు.

ఏటికొప్పాక అల్లుడు

అంతా బాగుంది గానీ, ఒక ప్రశ్న. మన జిల్లాలోనే పుట్టిన బొమ్మలుండగా (ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది లెండి) 14,000 పోసి ప్లాస్టిక్ దేనికి? అంకుడు కర్ర, లక్క, పసుపు, ఆకుల నుంచీ గింజల నుంచీ తీసిన రంగులు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. రైలు బండీ చేస్తారు మా వాళ్లు, చక్రాలు తిరుగుతాయి, పసివాడు నోట్లో పెట్టుకున్నా ఆ రంగు విషం కాదు. మమ్మీలు, తోడేలు మనుషులు మన పిల్లలకి ఏమవుతారండీ? మన రాక్షసులకి ఊరుంది, పేరుంది, ఎవరు చంపారో కథ ఉంది.

గాజువాక మాస్టారు

ఏటికొప్పాక బండి మా ఇంట్లోనూ ఉంది, అల్లుడుగారూ. మా మనవడికి రెండేళ్లప్పుడు కొన్నాం. ఆ వయసుకి దాన్ని మించిన బొమ్మ లేదు, ఒప్పేసుకున్నాను. కానీ దాన్ని విప్పి మళ్లీ కట్టలేం కదా. ఎనిమిదేళ్లవాడికి విప్పడమే ఆట.

మన రాక్షసుల మాటకొస్తే, మా మనవడి దగ్గర మమ్మీ సెట్ ఉంది, చిన్నది, గుర్రబ్బండి. వాడికి బకాసురుడి కథ చెప్పాను. బండెడన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి, రోజూ ఆ ఊరివాళ్లు పంపాలి అని. మర్నాడు చూస్తే మమ్మీ బండి విప్పేసి, ఇంకో డబ్బాలో ఇటుకలు కలిపి అన్నం బండి కట్టాడు. తెల్ల ముక్కలన్నీ అన్నం. మమ్మీ కట్లు కట్టుకున్న బకాసురుడు. బండిమీద కూర్చున్నవాడు భీముడు. సీతమ్మధార అమ్మగారూ, కోర ముక్క కోరకే పనికొస్తుందన్నారు, అది భీముడికి గరిటె అయింది.

మర్రిపాలెం షెడ్డు

ఎవరూ డబ్బు లెక్క వెయ్యలేదు, నేనేస్తాను. 14,000 బై 741 అంటే ముక్క దాదాపు 19 రూపాయలు పడుతుంది. వాడిన సెట్‌కి అది ఎక్కువ. కాకపోతే కొత్త లెగో కూడా ఇక్కడ చవక కాదు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మీరు కొనేది అంతకుముందుది, ఆ గుర్తు కోసం వెతక్కండి.

ప్లాస్టిక్ మాటకొస్తే ఇది ఏబీఎస్ అనే గట్టి రకం. మన ఉప్పుగాలికి గేటు తుప్పు పట్టినట్టు ఇది పట్టదు. ఎండ మాత్రం పడదు. కిటికీ పక్కన ఏళ్లతరబడి పెడితే తెల్లవి పసుపెక్కుతాయి. కాబట్టి ముందు తెల్ల ముక్కలు చూడండి. తర్వాత నాలుగు ముక్కలు కలిపి తలకిందులుగా పట్టుకోండి, వాటంతటవి జారకూడదు. 1958 నాటి ఇటుక కూడా ఇవాళ్టిదాంట్లో బిగుస్తుంది, అంత కొలతగా చేస్తారు. పట్టు లేకపోతే మధ్యలో నకిలీ ముక్కలు కలిశాయని అర్థం. నేను ఒకసారి బజార్లో 600కి అలాంటి డ్రాగన్ సెట్ కొని మోసపోయాను. మెడ నిలబడదు. పిల్లాడు "నాకు చేతకావట్లేదు నాన్నా" అని ఏడ్చాడు. వాడి తప్పు కాదు, ముక్కల తప్పు. ఆ ఏడుపు నాకింకా గుర్తుంది, అందుకే ఇంత రాస్తున్నాను.

సూచనల పుస్తకం లేకపోయినా పర్వాలేదు, కంపెనీ సైట్లో ఉచితంగా దొరుకుతుంది. కొన్నాక 40 డిగ్రీలు దాటని నీళ్లలో చేత్తో కడగండి. వాషింగ్ మెషీన్లో వెయ్యొద్దు. మూడు దెయ్యాలూ ముసుగులతో సహా ఉంటేనే అడిగినంత ఇవ్వండి. వాటివల్లే ఆ ధర.

సీతమ్మధార అమ్మ

భీముడి గరిటె దగ్గర నేను ఓడిపోయాను మాస్టారూ. కానీ డబ్బు దగ్గర ఓడిపోలేదు. మీ మనవడు అలా కట్టాడంటే పక్కన ఇంకో డబ్బా ఇటుకలున్నాయి కాబట్టి. మురళీనగర్ వారింట్లో లెగో ఇదే మొదటిదైతే, ముందు ఇటుకల డబ్బా, తర్వాతే దెయ్యాల రైలు. వరస మార్చితే నా బీరువా కథే వాళ్లదీ అవుతుంది.

మురళీనగర్ నాన్న

ఈ కింద రాస్తున్నది మా ఆవిడ:

నేనే ఆ "ససేమిరా". వన్‌టౌన్ వదినగారు రాసింది రెండుసార్లు చదివాను. హుద్‌హుద్‌కి మేం గోపాలపట్నంలో ఉన్నాం, పెళ్లై మూడు నెలలు. నాకూ ఆ చీకటి గుర్తుంది. దెయ్యాల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. డబ్బు విషయంలో తీసుకోను. వాడి ఈత క్లాసుల ఫీజు కూడా ఈ నెలే కట్టాలి. అందుకని 10,000 దాటకూడదన్నాను. అద్దాల బీరువాలో పెట్టకూడదన్నాను. ఇంట్లో ఇటుకల డబ్బా ఒకటి ఇప్పటికే ఉంది సీతమ్మధార అక్కా, దాంట్లోనే కలిపేస్తాం.

మురళీనగర్ నాన్న

నిన్న వెళ్లి చూశాం. మర్రిపాలెం గారు చెప్పినట్టే చేశాను, పట్టు బాగుంది, పసుపెక్కలేదు. కానీ మూడు దెయ్యాల్లో ఒకదానికి ముసుగు లేదు. ఆయన నిజాయితీగా ముందే చెప్పారు. 9,500కి ఇచ్చారు. ఇప్పుడు ముక్కలన్నీ మేడమీద రెండు బకెట్ల నీళ్లలో ఉన్నాయి, వాడికి తెలియదు. ఎవరి దగ్గరైనా ఆ వెలిగే ముసుగు విడిగా ఒకటి ఉంటే చెప్పండి, డబ్బిచ్చి తీసుకుంటాను. వదినగారూ, మీ అబ్బాయి పెద్దవాడైపోయుంటాడు కదా?

వన్‌టౌన్ వదిన

ఫోన్ చేసి అడిగానండీ. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, హాస్టల్లో ఉన్నాడు. విమానం ఇచ్చెయ్యమన్నాడు, రెక్కలు ఇచ్చెయ్యమన్నాడు, కావాలంటే రైలు మొత్తం ఇచ్చెయ్యమన్నాడు. దెయ్యాలు మాత్రం మూడూ ఇవ్వనన్నాడు.